పెట్టె దాచేసి వచ్చాం, ఇప్పుడెలా?

పోయిన సంచికలో ప్రయాణాల గురించి రాస్తూ ఎక్కడో ఒక మూల ‘లెటర్‌బాక్సింగ్’ అనే మాట వాడి వదిలేశాను. అంతే, ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి సగం దాని మీదే. కొందరు అసలదేమిటని అడిగారు, కొందరు ఆల్రెడీ మొదలుపెట్టేసి, ఫ్రెండ్స్‌తో గొడవలు పడి మరీ రాశారు. గొడవల ఉత్తరాలే ఎక్కువ బావున్నాయి కాబట్టి వాటికే ఎక్కువ చోటిచ్చాను. చాలామంది పేరు వేయొద్దన్నారు, అందుకని ఎవరిదీ వేయలేదు.

ప్రశ్న: అక్కా, లెటర్‌బాక్సింగ్ అంటే పోస్టు డబ్బాలకి సంబంధించినదా? మేం నలుగురు ఫ్రెండ్స్ ఏడాదికోసారి కలిసి ఎటైనా తిరిగొస్తాం. ఈసారి ఇది చేద్దామంటున్నారు. జీపీఎస్ పట్టుకుని వెతికే ఆట ఒకటుంది కదా, దానికీ దీనికీ తేడా ఏంటో నాకర్థం కావట్లేదు.

జవాబు: పోస్టుకి సంబంధం ఉంది తమ్ముడూ, కానీ నువ్వనుకునే సంబంధం కాదు. ముందు ఆట చెప్తాను. నీళ్లు చొరబడని ఒక చిన్న డబ్బాలో ఒక రబ్బరు స్టాంపు, ఒక చిన్న నోటు పుస్తకం పెట్టి ఎక్కడో దాస్తారు. అది ఎక్కడుందో చెప్పే క్లూ రాసి నలుగురికీ అందేలా పెడతారు. క్లూ పట్టుకుని వెతికి దొరికించుకున్నవాళ్లు, అందులోని స్టాంపుని తమ పుస్తకంలో వేసుకుంటారు, తమ స్టాంపుని ఆ డబ్బాలోని పుస్తకంలో వేస్తారు, తారీఖు రాస్తారు, డబ్బాని ఎలా ఉందో అలా పెట్టేసి వచ్చేస్తారు. బహుమతి లేదు, డబ్బు లేదు. ఇంతేనా అనిపిస్తుంది, అవును ఇంతే.

పేరెలా వచ్చిందంటే, ఇంగ్లండ్‌లో డెవన్ ప్రాంతంలో డార్ట్‌మూర్ అని పెద్ద బీడుభూమి ఉంది. చెట్లు తక్కువ, బురద ఎక్కువ, గుట్టల నెత్తిన రాతి కుప్పలు. 1854లో జేమ్స్ పెరట్ అనే గైడు అక్కడ క్రాన్‌మియర్ పూల్ అనే మారుమూల చోట రాళ్లు పేర్చి, వాటి మధ్య ఒక గాజు సీసా పెట్టాడు. తన వెంట అంతదూరం నడిచొచ్చినవాళ్లు ‘మేమూ వచ్చాం’ అని గుర్తుగా తమ కార్డు అందులో వేసి వెళ్లేవారు. పూల్ అన్నారు గానీ ఇప్పుడక్కడ మడుగేం లేదు, బురదనేలలో ఒక పల్లం, అంతే. పోనుపోను జనం తమ అడ్రసు తామే రాసుకున్న కార్డులు అక్కడ వదలడం మొదలుపెట్టారు. తర్వాత వచ్చినవాడు దాన్ని తీసుకెళ్లి పోస్టు చేయాలి. అదీ లెటర్‌బాక్స్ అవడం వెనక కథ. 1894లో బెల్‌స్టోన్ టోర్ దగ్గర రెండోది వచ్చింది. 1938లో డక్స్ పూల్ దగ్గర, డార్ట్‌మూర్ గురించి అదే పనిగా రాసిన విలియం క్రాసింగ్ జ్ఞాపకంగా ఇంకొకటి పెట్టారు. అంటే మొదట్లో దశాబ్దాల తరబడి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని పెట్టెలే! తర్వాత ఊపందుకుని వేలల్లోకి పోయింది. వంద పెట్టెలు కనిపెట్టినవాళ్లకి అక్కడ ‘100 క్లబ్’ అని ఒకటుంది. అమెరికాకి ఈ పిచ్చి ఆలస్యంగా, 1998లో స్మిత్సోనియన్ పత్రికలో ఒక వ్యాసం వచ్చాక అంటుకుంది.

నువ్వన్న జీపీఎస్ ఆట జియోకాషింగ్. పౌరులు వాడే జీపీఎస్ సిగ్నల్‌ని కావాలని మసకబారుస్తూ వచ్చిన అమెరికా ప్రభుత్వం 2000 మే 2న ఆ అడ్డు తీసేసింది. మర్నాడే ఆరెగాన్ రాష్ట్రంలో డేవ్ అల్మర్ అనే ఆయన ఒక బకెట్ దాచి, ఆ చోటు చెప్పే జీపీఎస్ అంకెలు ఇచ్చి వెతకమన్నాడు. అది అలా పుట్టింది. అక్కడ ఫోను చూపించిన చోటికి వెళ్తారు, చాలా పెట్టెల్లో ఏదైనా చిన్న వస్తువు తీసుకుని ఇంకోటి పెడతారు. ఇక్కడ క్లూ చదివి బుర్రపెట్టి వెళ్లాలి, చేతికొచ్చేది స్టాంపు ముద్ర ఒక్కటే. వయసులో ఇది దానికంటే 146 ఏళ్లు పెద్ద. రెండూ కలిపి ఆడేవాళ్లూ ఉన్నారు, అదేం నేరం కాదు.

ప్రశ్న: మేం ఐదుగురం. పోయిన ట్రిప్పులో మూడు చోట్ల మూడు పెట్టెలు దాచి వచ్చాం. ఇంటికొచ్చాక గుర్తొచ్చింది, అక్కడికి మళ్లీ వెళ్లే అవకాశమే లేదు. మా వాళ్లలో ఒకమ్మాయి ‘అలా వదిలేస్తే అది ఆట కాదు, చెత్త’ అంది. ఆ రోజు నుంచి గ్రూపులో మాటల్లేవు. ఎవరిది కరెక్టు?

జవాబు: ఆ అమ్మాయిదే. మీకు కోపం వచ్చినా సరే.

ప్రయాణంలో పెట్టె దాచడం ఎంత సరదానో నాకు తెలుసు. సంచిలో నాలుగు డబ్బాలు వేసుకుని బయల్దేరతాం, మంచి చోటు కనిపించగానే ఒకడు కాపలా, ఒకడు దాపు, ఒకరు కొలతలు, అందరూ దొంగల ముఠాలా గుసగుసలు. తిరిగొచ్చి క్లూ రాసి పెట్టేశాక మాత్రం దాని ముఖం చూసేవాడుండడు. ఆరంభశూరత్వమంటే ఇదే. పెట్టె అక్కడే ఉంటుంది, వానొస్తుంది, మూత పగులుతుంది, ఏ జంతువో లాగి పడేస్తుంది, పుస్తకం ముద్దవుతుంది. క్లూ మాత్రం మన ఇంట్లో శుభ్రంగా, తళతళలాడుతూ ఉంటుంది. దాన్ని నమ్ముకుని ఎవరో ఒక పూట పాడుచేసుకుని అక్కడికెళ్లి ప్లాస్టిక్ ముక్కలు ఏరుకుంటారు.

అందుకని దాచే ముందు ఒక్కటే ప్రశ్న వేసుకోండి: దీన్ని మళ్లీ చూసేదెవరు? జవాబుగా ఒక మనిషి పేరు రావాలి. ‘ఎవరో ఒకరు’ అనేది పేరు కాదు. ఆ దగ్గర్లో ఉండి ఏడాదికి ఒకటి రెండుసార్లు చూసి, తడిసిన పుస్తకం మార్చగల మనిషి దొరికితే నిశ్చింతగా దాచండి. దీన్ని దత్తత ఇవ్వడం అంటారు, మాట కూడా సరిగ్గా సరిపోయింది. ఇప్పుడు మీరు దాచిన మూడింటికీ అలాంటివాళ్లని వెతకండి. దొరికితే పెట్టెతో పాటు అసలు క్లూ, స్టాంపు బొమ్మ నకలు ఒకటి వాళ్లకివ్వండి, ఎందుకంటే పోతే మళ్లీ చెక్కాలిగా. దొరక్కపోతే క్లూ వెనక్కి తీసుకోండి, అటువైపు వెళ్లేవాళ్లెవరినైనా పెట్టె తీసేయమని బతిమాలండి. సిగ్గుపడాల్సిందేం లేదు, నేనూ బతిమాలాను.

అసలు మీలా తిరిగేవాళ్ల కోసమే పుట్టినట్టుండేది ఇంకొకటుంది. దాన్ని హిచ్‌హైకర్ అంటారు, లిఫ్ట్ అడిగి వెళ్లేవాడన్నమాట. ఒక చిన్న స్టాంపు, అరచేతిలో సగం ఉండే పుస్తకం, రెండూ ఒక జిప్ కవరులో. డబ్బా ఉండదు. మీరు ఎక్కడైనా వేరేవాళ్ల పెట్టె కనిపెట్టినప్పుడు దీన్ని అందులో పెట్టి వచ్చేస్తారు. తర్వాత ఆ పెట్టె తెరిచినవాళ్లు దీని ముద్ర కూడా వేసుకుని, దీన్ని తమతో తీసుకెళ్లి ఇంకో పెట్టెలో పెడతారు. పెట్టిన ప్రతిచోటా ఆ పెట్టె స్టాంపుని దీని పుస్తకంలోనూ వేస్తారు, కాబట్టి ఇది ఎక్కడెక్కడ తిరిగిందో దాని ఒంటి మీదే రాసి ఉంటుంది. మీరు వెనక్కెళ్లి చూసుకోవాల్సిన పని లేదు. కాళ్లు వేరేవాళ్లవి. ఒకటే చూసుకోవాలి, మూత నొక్కి పెట్టాల్సి వచ్చేంత లావుగా చేయకండి, ఇరికించి పెడితే మూత సరిగ్గా పడక ఆతిథ్యమిచ్చిన పెట్టె తడిసిపోతుంది.

గ్రూపులో మాటలు కలపడం నా వల్ల కాదు గానీ, మొదటి హిచ్‌హైకర్ స్టాంపు ఆ అమ్మాయి చేత చెక్కించండి.

ప్రశ్న: క్లూ రాయడం దగ్గర మా ఇద్దరికీ పడట్లేదు. నా ఫ్రెండు పొడుపుకథలా రాస్తానంటాడు, నేను సూటిగా రాయాలంటాను. మధ్యేమార్గం ఉందా?

జవాబు: ఉంది. పొడుపు పొలిమేర దాకా, గుమ్మం దగ్గరికొచ్చాక సూటి. అంటే, ఏ గుట్ట, ఏ దారి, ఏ చెట్టు అనేంతవరకు మీ ఫ్రెండుని ఎంత తిప్పితే అంత తిప్పనివ్వండి. చివరి పాతిక మీటర్లు మాత్రం మీరు రాయండి. అక్కడ కూడా పొడుపే ఉంటే వెతికేవాడు విసిగిపోయి కనిపించిన ప్రతి రాయీ తిరగేస్తాడు, ప్రతి పొదా తొక్కుతాడు. మీ కవిత్వానికి శిక్ష పడేది ఆ చోటికి.

ఇక సూటిగా రాయడమంటే అంత తేలికనుకోకండి. నేను రాసిన మొదటి క్లూలో ‘వంగిన చెట్టు నుంచి ఉత్తరంగా 40 అడుగులు’ అని ఉంది. నా లెక్కలో అడుగంటే నడిచేటప్పుడు వేసేది. వెతకడానికి వెళ్లిన ఫ్రెండు ఇళ్ల కొలతలతో బతికే మనిషి, ఆయనకి అడుగంటే 12 అంగుళాలు, ఇంకో అర్థం తట్టనే తట్టదు. ఆయన 12 మీటర్ల దగ్గర ఆగి గంటసేపు వెతికాడు. పెట్టె ఇంకో 18 మీటర్ల అవతల హాయిగా కూర్చునుంది. సాయంత్రం ఫోన్ చేసి నా తెలుగుని తిట్టాడు. తప్పు తెలుగుది కాదు, నాదే. అప్పట్నుంచి ‘అంగలు’ అని రాస్తున్నాను, పక్కనే ‘మామూలుగా నడిచేటప్పుడు ఒక్కో కాలు వేస్తే ఒక్కో అంగ’ అని కూడా. ఆ వివరం ఎందుకంటే కొన్నిచోట్ల ఎడమకాలు నుంచి మళ్లీ ఎడమకాలు దాకా కలిపి ఒకటిగా లెక్కేస్తారు. పాతకాలం రోమన్లు అలాగే కొలిచేవారు, అలాంటివి వెయ్యి అయితే ఒక మైలు. మైలు అనే మాట వాళ్ల ‘వెయ్యి’ నుంచి వచ్చిందే.

మీ అంగ ఎంతో మీకు తెలియాలి కదా. 100 మీటర్లు టేపుతో కొలిచి, మామూలు నడకతో నాలుగుసార్లు నడిచి లెక్కపెట్టుకోండి. ఎక్కేటప్పుడు అంగ చిన్నదవుతుంది, దిగేటప్పుడు మారుతుంది, పొడుగువాళ్లది వేరు. కాబట్టి అంగలు 30, 40 దాటించకండి. దూరం ఎక్కువైతే మధ్యలో ఇంకో గుర్తు పెట్టండి.

దిక్సూచి వాడితే చెట్టు నుంచి ఒక్క దిక్కు చెప్పి ఊరుకోవద్దు. 100 మీటర్ల దూరంలో 5 డిగ్రీల తేడా వస్తే పక్కకి దాదాపు 9 మీటర్లు పోతాం, చేతిలో పట్టుకుని చూసే దిక్సూచితో 5 డిగ్రీలంటే పెద్ద విశేషమేం కాదు. పెట్టె దగ్గర నిలబడి దూరంగా కనిపించే రెండు గుర్తులు, వీలైతే మూడు, ఏయే డిగ్రీల్లో ఉన్నాయో చెప్పండి. ఒక గుర్తు నుంచి ఒక గీత వస్తుంది, రెండో గుర్తు నుంచి రెండో గీత, రెండూ కలిసే చోట పెట్టె. మూడోది మనం లెక్క తప్పామో లేదో చెబుతుంది. గుర్తులు దగ్గర దగ్గరగా ఒకే వైపు ఉండకూడదు, వేరే వేరే వైపులుంటేనే గీతలు గట్టిగా కోసుకుంటాయి. చూసేటప్పుడు ఫోను, తాళాలగుత్తి, ఇనపకంచె, ఇవన్నీ దూరంగా ఉండాలి. మాగ్నెట్ ఉన్న ఫోన్ కవరు దిక్సూచిని ఎటు కావాలంటే అటు తిప్పేస్తుంది, ఒకసారి ఇంట్లో పెట్టి చూడండి, నవ్వొస్తుంది.

ఇంకోటి, ‘ఎర్రపూల పొద పక్కన’ లాంటివి రాయకండి. పూలు రెండు వారాలుంటాయి, పెట్టె రెండేళ్లుండాలి. ఎండిన చెట్టు కూడా వద్దు, పడిపోతుంది. రాయి, మలుపు, పెద్ద బండ మీద పగులు, ఇలాంటివి నమ్మకస్తులు.

ఉత్తరం కోసం ఉత్తరానికి వెళ్లమని రాసే అవకాశం ఒక్క తెలుగువాళ్లకే ఉంది. మీ ఫ్రెండుకి ఆ లైను ఇచ్చేయండి, శాంతిస్తాడు.

ప్రశ్న: మూడు గంటలు కూర్చుని రబ్బరు మీద ‘సంచారి’ అని చెక్కాను. ఇంకు అద్ది కాగితం మీద కొడితే అద్దంలో చూసినట్టు తిరగబడి వచ్చింది. సున్నా ఒక్కటే బాగా వచ్చింది. ఫ్రెండ్స్ నన్నిప్పుడు ‘సున్నా’ అనే పిలుస్తున్నారు.

జవాబు: ఆ పేరే ఖాయం చేసుకోండి. ఈ ఆటలో చాలామంది మారుపేరుతోనే తిరుగుతారు, అందులోనూ ఇలా సంపాదించుకున్న పేరు కొనుక్కున్నా దొరకదు. ఎటు తిప్పినా చెక్కుచెదరని అక్షరం కూడానూ.

తర్వాతి స్టాంపుకి ఇలా చేయండి. పల్చటి కాగితం మీద మెత్తటి పెన్సిల్‌తో బొమ్మ మామూలుగా, చదివేటట్టే గీయండి. గీత కాస్త నల్లగా పడాలి. ఆ కాగితాన్ని గీసిన వైపు కిందికి వచ్చేలా రబ్బరు మీద బోర్లించి, కదలకుండా పట్టుకుని వెనకనుంచి గోటితో రుద్దండి. పెన్సిల్ మసి రబ్బరుకి అంటుకుంటుంది, తిరగబడి అంటుకుంటుంది. ఆ గీతలు వదిలేసి మిగతాది చెక్కేస్తే ముద్ర సరిగ్గా వస్తుంది. బుర్రలో తిప్పుకోవాల్సిన పనేం లేదు, కాగితమే తిప్పుతుంది.

చెక్కేటప్పుడు కత్తిని గీతకి అవతలి వైపుకి ఏటవాలుగా పెట్టండి, అంటే చెక్కాక గీత అడుగున వెడల్పుగా, పైన సన్నగా గట్టులా నిలబడాలి. గీత కిందికి తవ్వేస్తే నాలుగు ముద్రలకే విరిగిపోతుంది. వంపులు వచ్చినప్పుడు కత్తిని తిప్పకండి, కత్తి అక్కడే ఉంచి రబ్బరుని తిప్పండి. మన అక్షరాలన్నీ వంపులే కాబట్టి ఈ ఒక్క చిట్కా తెలిస్తే సగం పని అయిపోయినట్టే. ‘ఠ’ లోపలి చుక్క, వత్తుల తోకలు చిన్న సైజులో నిలవవు. పేరు కంటే బొమ్మ మేలు. మీకైతే మరీ సులువు, ఒక గుండ్రం చాలు.

ప్రశ్న: నలుగురం కలిసి ఒక పెట్టె కనిపెట్టాం. స్టాంపు చాలా అందంగా ఉంది. మాలో ఒకతను ‘ఇంతదూరం వచ్చాం, గుర్తుగా ఉంచుకుందాం’ అని జేబులో వేసుకున్నాడు. మేం చూసీ ఊరుకున్నాం. ఇప్పుడు తప్పనిపిస్తోంది.

జవాబు: తప్పే. గుర్తుగా ఉంచుకోడానికే కదా ముద్ర వేసుకున్నారు. చెక్కినవాళ్లు ఎన్ని రాత్రులు కూర్చుని చెక్కారో పై ఉత్తరం చూస్తే తెలుస్తుంది. అది లేకపోతే అక్కడున్నది ఉట్టి డబ్బా. మళ్లీ వెళ్లగలిగితే వెళ్లి పెట్టేయండి. లేకపోతే క్లూ ఎక్కడ దొరికిందో అక్కడి ద్వారానే దాచినవాళ్లకి కబురు పెట్టి, ‘మా దగ్గరుంది, ఎలా పంపమంటారు’ అని అడగండి. ‘దొరికింది’ అని కథలల్లొద్దు. జేబులో వేసుకున్నతని చేతే రాయించండి.

ప్రశ్న: మంచి ఖరీదైన డబ్బా వాడాం. అయినా లోపల తడి. పుస్తకంలో వచ్చినవాళ్ల ముద్రలన్నీ అలుక్కుపోయాయి. నీళ్లు ఎలా వెళ్తున్నాయి?

జవాబు: మూడు దారులున్నాయి. మూత అంచులో ఇసక రేణువో, కవరు మూలో ఇరుక్కుని ఉంటుంది, ఇది అన్నిటికంటే ఎక్కువ. రెండోది, మీరు దాచిన రోజే గాలిలో తేమ ఉండుంటుంది. ఆ గాలిని లోపల పెట్టి మూశారు, చల్లబడగానే అదే నీటిబొట్లయింది. మూడోది, తెరిచినవాడు వానలో తెరిచాడు.

డబ్బా ఎంత ఖరీదని కాదు, పరీక్ష చేశారా అని. లోపల ఒక టిష్యూ పేపరు వేసి మూత పెట్టి, పైన రాయి పెట్టి, బకెట్ నీళ్లలో ఒక రాత్రంతా ముంచి ఉంచండి. పొద్దున్న టిష్యూ పొడిగా ఉంటేనే అది పనికొస్తుంది. స్టాంపు ఒక జిప్ కవరులో, పుస్తకం వేరే కవరులో పెట్టండి, ఎందుకంటే వాడిన స్టాంపుకి తడి ఇంకు ఉంటుంది, పుస్తకంతో కలిపితే అదే మొదటి మరక. కొత్త చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా పొట్లం ఒకటి వేయండి. రాయడానికి పెన్సిల్ పెట్టండి, పెన్ను ఇంకు తడికి పారిపోతుంది, పెన్సిల్ గీత ఎక్కడికీ పోదు. పెట్టెలో ఇంకు పాడ్ పెట్టకండి, ఎవరి పాడ్ వాళ్లు తెచ్చుకోవడమే పద్ధతి.

ఇంతకుముందు తినే వస్తువులు పెట్టిన డబ్బా అయితే అసలొద్దు. మనకి వాసన పోయినట్టుంటుంది, జంతువులకి పోదు.

ప్రశ్న: పెట్టె దాస్తుంటే ఒకాయన దూరం నుంచి చూసి ‘ఏం పెడుతున్నారు’ అని గట్టిగా కేకేశాడు. భయమేసి పరిగెత్తాం. మేం చేసింది తప్పా?

జవాబు: దాచడం తప్పు కాదు, పరిగెత్తడం తప్పు. నలుగురు ఒక డబ్బా పెట్టి పరిగెత్తడం చూస్తే నేనైనా పోలీసులకి ఫోన్ చేస్తాను. ఇలాంటి పెట్టెల్ని చూసి బాంబు స్క్వాడ్ వచ్చిన సందర్భాలు వేరే వేరే దేశాల్లో ఉన్నాయి. నవ్వుతూ వెళ్లి, మూత తీసి, స్టాంపు చూపించి, ఒక ముద్ర ఆయన చేతి మీద కొట్టండి. నూటికి తొంభై మంది అక్కడే మెత్తబడిపోతారు. ఆ స్థలం ఆయనదే అయితే మాత్రం పెట్టె తీసేయాలి, లేదా ఆయన ఒప్పుకోవాలి.

డబ్బా మూత మీద పెద్ద అక్షరాలతో ‘ఇది లెటర్‌బాక్స్ ఆట పెట్టె, ప్రమాదం లేదు, చూసి మళ్లీ ఇక్కడే పెట్టండి’ అని రాయండి. పారదర్శకమైన డబ్బా మేలు, లోపల ఏముందో తెరవకుండానే తెలుస్తుంది. వైర్లు, పైపులు, నల్లటి టేపు చుట్టిన డబ్బాలు వద్దు. రైల్వే స్టేషన్, విమానాశ్రయం, వంతెన, కరెంటు స్తంభాలు, బడి, ప్రార్థనా స్థలం, వీటి దరిదాపుల్లో వద్దు. పార్కులు, అడవులైతే ముందు అక్కడి అధికారుల అనుమతి అడగాలి. పాత కట్టడాల రాళ్ల మధ్య పెట్టడం మాత్రం ఎవరు ఒప్పుకున్నా నేనొప్పుకోను. ఈ ఆటకి పుట్టిల్లయిన డార్ట్‌మూర్‌లో కూడా పురాతన రాతి కట్టడాల్లో, గోడల్లో పెట్టకూడదని, సిమెంటు వాడకూడదని కట్టుబాటు ఉంది.

ప్రశ్న: మా ముగ్గురికీ దీని మీద పిచ్చి. నాలుగోవాడు వస్తాడు, ఒక రాయి చూసుకుని కూర్చుంటాడు, ఫోను చూసుకుంటాడు. పైగా వాడి నోట్లో నువ్వుగింజ నానదు, దాచిన చోటు అందరికీ చెప్పేస్తాడు. వాడిని తీసుకెళ్లకపోతే ఫీలవుతాడు.

జవాబు: మీకు దొరికిన అదృష్టం మీకే తెలీడం లేదు. అతన్ని ఆ రాయి మీదే కూర్చోనివ్వండి, దాచేటప్పుడు మాత్రం కనపడని దూరంలో ఉండాలి. మీరు దాచొచ్చి, క్లూ కాగితం అతని చేతిలో పెట్టి పంపండి. మీరు ముగ్గురూ వెనకే నడవండి, ఒక్క మాట మాట్లాడకూడదు. ‘అబ్బా, అటు కాదురా’ అనాలని నాలుక దురద పెడుతుంది, పళ్లు బిగించండి. అతను ఎక్కడ ఆగి తల గోక్కున్నాడో అక్కడ మీ క్లూ తప్పు. దాచినవాళ్లకి తమ క్లూ ఎప్పుడూ అర్థమవుతుంది, అందుకే మీరు ముగ్గురూ పరీక్షకి పనికిరారు. ఆసక్తి లేనివాడికి దొరికితే అందరికీ దొరుకుతుంది.

అందరికీ చెప్పేస్తాడంటారా, చోటు తనే కష్టపడి కనిపెట్టాక అంత తేలిగ్గా చెప్పడు చూడండి.

ప్రశ్న: పెట్టె దాచి ఎనిమిది నెలలైంది. పోయిన వారం వెళ్లి చూశాం. అంతా పొడిగానే ఉంది, కానీ పుస్తకంలో ఒక్క ముద్ర లేదు. మేం వేసుకున్న ముద్రలే మొదటి పేజీలో ఉన్నాయి. ఏడుపొచ్చింది. తీసేద్దామా?

జవాబు: తీసేయకండి. పొడిగా ఉందన్నారు, మీరు వెళ్లి చూశారు, ఈ ఉత్తరాలన్నింటిలో పని సరిగ్గా చేసింది మీరొక్కరే. ఎవరూ రాకపోవడానికి ఎక్కువసార్లు కారణం ఒకటే, క్లూ చదివినవాళ్లకి ఎంతసేపు పడుతుందో తెలియకపోవడం. ‘నడక రానూపోనూ గంటన్నర, చివర్లో కాస్త ఎక్కుడు, పిల్లలు రాగలరు’ అని క్లూ పైన ఒక లైను చేర్చండి. తెలిసిన చోటి నుంచి మొదలయ్యేలా కూడా చూడండి, ఒక దారి మొదలో, బోర్డో. క్లూలో మొదటి గుర్తే దొరక్కపోతే రెండోది ఎవరూ చదవరు.

రానివాళ్లు ఎంతమందో మీకు తెలీదు, వచ్చి దొరక్క వెళ్లిపోయినవాళ్లు ఎంతమందో కూడా తెలీదు. పై జవాబులో చెప్పినట్టు ఒక ‘నాలుగోవాడి’ని పంపి చూడండి.

మళ్లీ వెళ్లినప్పుడు ఒక పని చేయండి, పాత పద్ధతే. మీ అడ్రసు మీరే రాసిన పోస్టుకార్డు ఒకటి పుస్తకం వెనక పెట్టి, ‘మొదట కనిపెట్టినవాళ్లు ఇది పోస్టు చేయండి’ అని చీటీ పెట్టండి. ఇంటి అడ్రసు తెలియనివాళ్ల చేతిలో పడటం ఇష్టం లేకపోతే పోస్టు బాక్సు నంబరో, ఆఫీసు అడ్రసో రాయండి. అది మీ గుమ్మంలో పడిన రోజు ఎవరో వచ్చారని తెలుస్తుంది, మీరు కొండెక్కి చూడక్కర్లేదు. కార్డు వేరే జిప్ కవరులో పెట్టండి. పోస్టాఫీసు స్టాంపు అంటించడం మర్చిపోకండి, రబ్బరుది అక్కడ చెల్లదు.